ఫోన్ రివ్యూల్లో టాక్‌బ్యాక్ టెస్ట్ కూడా ఉండాలి!

కొత్త ఫోన్ వస్తే ప్రాసెసర్ స్కోర్ ఎంత, కెమెరా ఎలా ఉంది, ఎన్ని నిమిషాల్లో ఛార్జ్ అవుతుంది అని చూస్తాం. కళ్లు కనిపించని వాళ్లు ఆ ఫోన్ వాడగలరా అనే మాట మాత్రం రివ్యూల్లో అరుదు. నా ఉద్దేశంలో ఇది చిన్న లోటు కాదు.

ఒక్కసారి 2008కి వెళ్దాం. కీప్యాడ్ ఫోన్లలో బటన్లని వేలితో తడిమి గుర్తుపట్టొచ్చు. టచ్‌స్క్రీన్ వచ్చాక అంతా నున్నటి గాజే. ఇక అంధులకి ఫోన్ దూరమైనట్టేనా? అప్పుడే అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీ రీసెర్చర్లు షాన్ కేన్, జెఫ్రీ బిగమ్, జేకబ్ వాబ్రాక్ ‘స్లైడ్ రూల్’ అనే ప్రోటోటైప్ చేశారు. స్క్రీన్ మీద వేలు జరుపుతుంటే దాని కింద ఏముందో ఫోన్ చదివి వినిపిస్తుంది. కావాల్సింది వినిపించగానే ఆ వేలు అలాగే ఉంచి, రెండో వేలితో ట్యాప్ చేస్తే చాలు. 10 మంది అంధులతో టెస్ట్ చేశారు. బటన్ల పరికరం కన్నా దీంతో పని త్వరగా అయింది, తప్పులు మాత్రం ఎక్కువ పడ్డాయి. అయినా 7 మంది దీనికే ఓటేశారు.

మరుసటి ఏడాది, 2009లో, ఐఫోన్ 3జీఎస్‌లో వాయిస్‌ఓవర్ వచ్చింది. 2011లో ఆండ్రాయిడ్ 4.0తో టాక్‌బ్యాక్‌లోనూ వేలితో తాకుతూ వినే పద్ధతి వచ్చింది. అంటే దారి ఎప్పుడో దొరికింది. మరి ఇబ్బంది ఎక్కడ?

యాప్‌లలో. డెవలపర్ ఒక బటన్‌కి బొమ్మ పెట్టి, పేరు రాయడం వదిలేస్తే టాక్‌బ్యాక్ ఏం చదవాలి? వినేవాళ్లకి అక్కడ బటన్ ఉందని తెలుస్తుంది, అది దేనికో తెలీదు. పేమెంట్ స్క్రీన్‌లో అలా జరిగితే అది డబ్బు పంపే బటనా, క్యాన్సిల్ బటనా? చివరికి ఫోన్ పక్కవాళ్ల చేతికివ్వాలి, పిన్ కూడా చెప్పాలి. సొంత డబ్బు సొంతంగా ఖర్చు పెట్టుకునే వీలు పోయినట్టే కదా!

వాబ్రాక్ బృందం 2011లో ఒక సూత్రం చెప్పింది. మెషీన్‌కి తగ్గట్టు మనిషి మారడం కాదు, మనిషి చేయగలిగేదాన్ని బట్టి మెషీనే మారాలి. రివ్యూలకి కూడా ఇదే కొలబద్ద కావాలి. టాక్‌బ్యాక్ ఆన్ చేసి మూడు పనులు చేసి చూస్తే చాలు: బాక్స్ తీసింది మొదలు ఎవరి సాయం లేకుండా సెటప్ అవుతుందా? కంపెనీ ఇచ్చిన డయలర్, మెసేజ్, కెమెరా యాప్‌లలో ప్రతి బటన్ పేరు వినిపిస్తుందా? తెలుగు వాయిస్ సరిగ్గా చదువుతుందా? అరగంట కేటాయిస్తే తేలిపోతుంది.

మీరూ ట్రై చేయండి. సెట్టింగ్స్‌లోని యాక్సెసబిలిటీలో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని ఒక కాల్ చేయండి. ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు ట్యాప్ చేస్తే ఓపెన్ అవుతుంది. ఎక్కడ ఆగిపోయారో కామెంట్‌లో చెప్పండి. ఆ యాప్ రేటింగ్‌లో కూడా అదే రాయండి, డెవలపర్లు చూసేది దాన్నే.