కుదించిన చిత్రములో పోవునదేమి?



గోడమీది పటమునకు చెదయు, తేమయు శత్రువులని మనకెల్లరకు దెలియును. ఫోనులోని చిత్రమునకు గూడ నొక క్షయము కలదనియు, అది మనము పంపుకొన్న కొలదిని పెరుగుననియు నెరుగనివారు పెక్కురు. ఈ మాసము దానిని గూర్చి ముచ్చటింతము.

4000 చుక్కల వెడల్పు, 3000 చుక్కల ఎత్తు గల చిత్రమును ఉన్నదున్నట్లు దాచుటకు 36 మెగాబైట్ల చోటు వలయును. ఫోనులో నది కొద్ది మెగాబైట్లకే యిముడుచున్నది. తక్కినది యెచటికి బోయినది? 1992లో వెలువడిన జేపెగ్ అను పద్ధతి దానిని తీసివేయుచున్నది. మన కన్ను వెలుగునీడలను చక్కగా గుర్తించును గాని, రంగుల సూక్ష్మభేదములను అంతగా గుర్తింపదు. అందుచేత రంగుల వివరమును తరచుగా సగమునకో, నాల్గవవంతునకో తగ్గింతురు. పిమ్మట చిత్రమును నిలువు 8, అడ్డము 8 చుక్కల గళ్లుగా విభజించి, ప్రతి గడిలోను కంటికి అంతగా నానని సన్నని మార్పులను త్రోసివేయుదురు. ఈ లెక్కకు మూలమైన గణితమును 1974లో ప్రకటించిన మువ్వురిలో నొకరగు నాసిర్ అహ్మద్ గారు బెంగుళూరున జన్మించినవారు.

మితముగా తీసివేసినచో లోపమెన్నగలవారు అరుదు. అతిగా పిండినచో ఆకాశము గళ్లుపడును, చీర జరీ అలుకుకొనిపోవును, అక్షరముల చుట్టు దుమ్మువంటి మరకలు మూగును.

అసలు చిక్కు మరియొకటి. తాటాకు గ్రంథమునకు ప్రతి వ్రాయు లేఖకుని పొరపాటు తరువాతివానికి ప్రమాణమగును. వాడు తనది మరియొకటి చేర్చును. చిత్రమును చూచుటవలనను, ఫైలును యథాతథముగా నకలు తీయుటవలనను నష్టము లేదు. దిద్ది మరల దాచినపుడును, సందేశముల యాప్ మరల కుదించి పంపినపుడును ఈ లేఖకుని కథయే జరుగును.

మా బంధువుల యింట ఒక పెద్దమ్మగారి పటము ఒక్కటే యుండెను. దానిని ఫోనుతో తీసి, ఈ యింటినుండి ఆ యింటికి పంపుకొనిరి. ఒక వానకాలమున పటము చెడెను. తొలుత తీసిన ఫోను అంతకు మునుపే అమ్ముడుపోయెను. మిగిలిన ప్రతిలో మొగమున్నది గాని, బేసరి రాళ్లు తెల్లని మచ్చయైనవి, గడ్డముమీది పచ్చబొట్టు లేదు. మనుమడు కృత్రిమ మేధచే బాగుచేయించెను. మొగము నిగనిగలాడినది, పచ్చబొట్టు రాలేదు. లేని వివరమును యంత్రము ఊహింపవలసినదే గదా! "ఇది మా అమ్మ కాదురా, ఎవరో సినిమాతార" అని ఆ యింటి ఆడపడుచు కన్నీరు పెట్టుకొనెను.

కావున పెద్దల పటములను తీసినపుడు మొదటి ఫైలును వేరొకచోట గూడ దాచుడు. పంపునపుడు డాక్యుమెంటుగా పంపినచో చాలవరకు చెక్కుచెదరదు. పాత ఉత్తరములను స్కాను చేయించునపుడు పీఎన్‌జీగా దాచుమనుడు; అందేమియు త్రోసివేయరు, చోటు మాత్రము హెచ్చుగా పట్టును. చోటు చాలదందురా? ప్రతి యుదయమును వచ్చిపడు శుభోదయపు పూలబొమ్మలను తుడిచివేయుడు, కావలసినంత దొరకును.