ఓడుచున్న జట్టు – వెనుకవరుస కూర్పు

కాలిబంతి యాటలో ఒక జట్టు వరుసగా నోడుచుండునపుడు దానికి మందు చెప్పనివారు అరుదు. "ఆ బ్యాకును తీసివేయుడు" అని యొకరు, "ఎడమవానిని కుడికి మార్చుడు" అని వేరొకరు, "అంతయు గోల్‌కీపరే చెడగొట్టెను" అని మరియొకరు పలుకుదురు. రోగమేదో చూచి చెప్పిన మందు వీనిలో మిక్కిలి తక్కువ. వెనుకవరుసవారి స్థానములను మార్చుట యుక్తమా, యుక్తమైనచో దాని నెట్లు చేయవలెను అను విషయమున మా యభిప్రాయమును విద్యార్థుల యెదుటను, వారి తల్లిదండ్రుల యెదుటను ఉంచ దలచితిమి.

ఇది ఆటమాత్రమే కదా యని త్రోసివేయదగిన విషయము కాదు. ఏలయనగా, ఓటమినాడు నింద మోయువాడు సాధారణముగా వెనుక నిలిచినవాడే. గోలు వేసినవానిని భుజములపై నెత్తుకొందురు. పది పర్యాయములు బంతి నాపి పదునొకండవమారు విడిచినవానినో, ఇంటి గుమ్మమువరకు దూషించుచు వత్తురు. అట్టి మాటలు పడలేక ఆటనే మానుకొన్న బాలురు ఏ పాఠశాలయందైనను కనబడుదురు. కావున దోషము మనుష్యునిదా, వాని నిలిపిన చోటుదా యని విచారించుట న్యాయమునకు సంబంధించిన పని.

ఈ విచారణకు ఆంగ్లదేశపు ఉదాహరణ మొకటి మిక్కిలి తగియున్నది. 1925 వ సంవత్సరమున ఆఫ్‌సైడు నిబంధన మారెను. అంతవరకు ముందున్న ఆటగానికిని గోలు గీతకును నడుమ ఎదుటిపక్షమువారు ముగ్గు రుండవలసియుండగా, నాటినుండి ఇద్దరున్న జాలునని నిర్ణయించిరి. నాటి జట్లలో వెనుక ఇద్దరు బ్యాకులును, వారి ముందు ముగ్గురు హాఫ్‌బ్యాకులును, అందరికంటె ముందు ఐదుగురు ఫార్వర్డులును నిలుచుచుండిరి. నిబంధన మారగానే ఎదుటి సెంటర్ ఫార్వర్డునకు నడుమదారి తెరచినట్లాయెను. గోలులు వెల్లువవలె వచ్చెను. బ్యాకులు ఒక్క వేసవిలో అసమర్థులైపోలేదు. వారు నిలిచిన చోటు పాతదై, ఆట క్రొత్తదాయెను.

లండనులోని ఆర్సెనల్ జట్టు 1925 అక్టోబరు 3 వ తేదీన న్యూకాసిల్‌చేత 7–0 గా ఓడెను. ఆ జట్టున ఆడుచుండిన చార్లీ బుఖన్ అను అనుభవశాలి, నడుమనుండు సెంటర్ హాఫును వెనుకకు దించి ఇద్దరు బ్యాకుల మధ్య నిలుపవలెనని వాదించెను. మేనేజరు హెర్బర్ట్ చాప్మన్ ఆ మాట నాలకించెను. సెంటర్ హాఫైన జాక్ బట్లర్ వెనుకకు దిగెను. రెండు దినములకే ఆ జట్టు వెస్ట్ హామ్‌పై 4–0 గా గెలిచెను. ఆ యేడు లీగునందు రెండవ స్థానము పొందెను. అంతకుముందటి యేడు అదే జట్టు ఇరువది రెండింటిలో ఇరువదియవ స్థానమున నుండెనని జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఇంతవరకు చాలమంది యెరిగినదే. మేము చెప్పదలచిన ముఖ్యాంశము దీని తరువాతిది. బట్లర్ వెనుకకు పోగా నడుమ ఖాళీ యేర్పడెను. దానిని పూరింపక విడిచినచో ఒక గండి పూడ్చి వేరొక గండి కొట్టినట్లగును. కావున చాప్మన్ ముందువరుసనుండి ఒకనిని వెనుకకు రప్పించెను. ఆ పనికి ఎన్నుకొనబడిన ఆండీ నీల్ పరుగున మందుడు. అయినను బంతిని కాలిక్రింద నిలిపి, ఎవరికందింపవలెనో నిదానముగా చూచుకొని యందింపగల నేర్పరి. వేగము లేదని ప్రక్కన నుంచబడినవాడు తగిన చోట నిలువగానే జట్టునకు ఆధారమాయెను.

గోదావరి యొడ్డున జీవించు మనకు ఈ సంగతిని వేరుగా బోధింప నక్కరలేదు. 1986 ఆగస్టు వరదను చూచిన పెద్దలు మన ఇండ్లలో నున్నారు. ఏటిగట్టు బలహీనమైనచోటికి ఇసుకబస్తాలు మోయుదురే గాని, ప్రక్కగట్టును త్రవ్వి ఆ మట్టితో దానిని పూడ్చువాడు లేడు. అయినను ఆటలో మనము తరచుగా చేయు పని యదియే. కుడివైపున గోలు పడెనని ఎడమవైపు మేటిని కుడికి మార్తుము. మరుసటి యాటలో ఎడమవైపున గోలు పడును. అంతట ఆ ఇద్దరిని కాక మూడవవానిని నిందింతుము.

మన తెలుగునాట ఈ విద్యను బాగుగా నెరిగినవారు హైదరాబాదువాసి సయ్యద్ అబ్దుల్ రహీముగారు. వారు మొదట పాఠశాలోపాధ్యాయులు. 1909 లో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, బడిపిల్లలకు పాఠములు చెప్పుచునే ఆటను శాస్త్రముగా నభ్యసించిరి. వారి శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పును గెలిచెను.

రహీముగారు భారత జట్టునకును శిక్షకులైరి. 1952 హెల్సింకి ఒలింపిక్సునందు ఆ జట్టు యుగోస్లావియాచేత 10–1 గా ఓడెను. మనవారిలో పలువురు వట్టికాళ్లతో నాడిరి. ఆ పరాభవము తరువాత బూట్లు తొడుగుటయు, వెనుక ముగ్గురు బ్యాకులను నిలుపుటయు మన జట్టునకు అలవాటాయెను. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సునందు మనవారు ఆస్ట్రేలియాను 4–2 గా గెలిచి సెమీఫైనలు చేరిరి. అక్కడ అదే యుగోస్లావియాపై మొదటి గోలు మనవారే వేసిరి. తుదకు 4–1 గా ఓడి, నాలుగవ స్థానముతో తిరిగివచ్చిరి. ఈ యభివృద్ధి యంతయు స్థానముల మార్పువలననే కలిగెనని మేము చెప్పము. బూట్లు, దేహదార్ఢ్యము, నాలుగేండ్ల అభ్యాసము – ఇవన్నియు దానిలో పాలుపొందినవి. కూర్పు మారినను కాళ్లు మారనిచో ఫలము స్వల్పమే.

రహీముగారి నేర్పు పరాకాష్ఠ నొందినది 1962 జకార్తా ఆసియా క్రీడలయందు. మొదటి యాటలోనే మనవారు దక్షిణ కొరియాచేత 2–0 గా ఓడిరి. తరువాత థాయిలాండుపై గెలిచిన యాటలో వెనుకవరుసకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడెను. తలతో బంతి నాపుటయే ముఖ్యకార్యమైన స్టాపరునకు అట్టి గాయ మెంత చిక్కో పాఠకు లూహింపవచ్చును. రహీముగారు ఆయనను సెమీఫైనలునందు ముందువరుసకు పంపి సెంటర్ ఫార్వర్డుగా నాడించిరి. దక్షిణ వియత్నాముపై 3–2 గా గెలిచిన ఆ యాటలో జర్నైల్ ఒక గోలు వేసెను. సెప్టెంబరు 4 వ తేదీని జరిగిన ఫైనలునందు అదే దక్షిణ కొరియాను మనవారు 2–1 గా గెలిచి స్వర్ణపతకము నొందిరి. మొదటి గోలు పి.కె. బెనర్జీది; రెండవది జర్నైల్ సింగ్‌ది.

ఈ కథను చెప్పువారు జర్నైల్ ధైర్యమును పొగడుదురు, పొగడుట న్యాయమే. కాని వెనుక మిగిలిన అరుణ్ ఘోష్, చంద్రశేఖర్, త్రిలోక్ సింగుల పేళ్లను ఎందరు తలంతురు? మూలస్తంభమును తీసి ముందుకు పంపగలుగుటకు కారణము, కప్పును మోయగలవారు వెనుక నుండుటయే. వారి శక్తి నెరిగియుండినందుననే రహీముగారు సాహసించిరి. ఎరుగక చేసినచో అది జూదమయ్యెడిది. ఆ విజయము నాటికే వారు క్యాన్సరు వ్యాధిచే పీడితులై యుండిరి. 1963 జూన్ 11 వ తేదీన పరమపదించిరి.

స్థానములు మార్చిన ప్రతి జట్టును బాగుపడునని యెవరును భ్రమపడరాదు. హైదరాబాదు ఎఫ్.సి. అను వృత్తిజట్టు 2022 లో ఇండియన్ సూపర్ లీగును గెలిచెను. 2023–24 లో అదే జట్టు ఇరువది రెండు ఆటలలో ఒక్కటి మాత్రమే గెలిచి అట్టడుగున నిలిచెను. ఆ నడుమ జీతములు సకాలమున ముట్టక ఆటగాండ్రు పలువురు విడిచిపోయిరి. ఇల్లు గడవనిచోట బ్యాకును కుడికి జరిపిన నేమి, ఎడమకు జరిపిన నేమి? రోగము మైదానము వెలుపల నున్నపుడు మందును అచటనే వేయవలెను. బడి జట్టునకును ఈ మాట చెల్లును. ఉదయము తినక వచ్చిన బాలుడు రెండవ సగమున వెనుకబడినచో, అది కూర్పుదోషము కాదు.

మా యభిప్రాయమును క్లుప్తముగా చెప్పుదుము. ఓడుచున్న జట్టును మార్పక విడుచుట మొండితనము. ప్రతి యోటమికిని అందరిని మార్చుట భయము. ఈ రెంటికి నడుమ నొక మార్గము కలదు. మొదట, పడిన గోలులు ఏ వైపునుండి, ఏ విధమున వచ్చెనో కాగితముపై వ్రాసి చూడవలెను. మూడు నాలుగు ఆటలు వ్రాసినచో గండి ఎచటనున్నదో తెలియును. రెండవది, ఒకనిని కదల్చుటకు ముందే వాని చోట నిలుచు వానిని నిర్ణయింపవలెను. మూడవది, మార్పునకు కారణమును ఆ బాలునితో మాటాడి చెప్పవలెను. కారణము తెలియక స్థానము మారినవాడు దానిని శిక్షయని తలంచును. తెలిసినవాడు దానిని పనియని తలంచును. నాలుగవది, మార్చిన కూర్పును కొన్ని యాటలైనను నిలిపి చూడవలెను. ఆర్సెనల్ రెండు దినములలో ఫలము పొందినది నిజమే. కాని వారు నిత్యము బంతితోనే బ్రతుకువారు, మన బాలురు సాయంకాలము గంట కొట్టిన తరువాత మాత్రమే ఆడువారు.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. మీ కుమారుని ముందువరుసనుండి వెనుకకు పంపినప్పుడు వాని విలువ తగ్గినదని తలంపవలదు. గట్టుకు ఎత్తైనచోటున కావలి యుండువానికంటె పల్లపుచోటున ఉండువానియందే ఊరు ఎక్కువ నమ్మిక యుంచును. విద్యార్థులారా, మీ జట్టు ఓడినసాయంకాలము గోల్‌కీపరును బ్యాకులను విడిచి ముందు నడువకుడు. వారితో కలిసి నడచుచు, బంతి ఎచటనుండి వచ్చెనో వారినే యడుగుడు. దానిని అందరికంటె దగ్గరగా చూచినవారు వారే.