సీటు మైసూరులో, బిడ్డ ఆళ్లగడ్డలో

1991 నవంబరులో నంద్యాల ఓటర్లు ప్రధాని పీవీ నరసింహారావును ఐదు లక్షల పైచిలుకు మెజారిటీతో ఢిల్లీకి పంపారు. పదికి పైగా భాషలు వచ్చిన మనిషి. ఏడాది తిరక్కముందే, 1992 సెప్టెంబరులో, ఆయన ప్రభుత్వం భారత పునరావాస మండలి చట్టం తెచ్చింది. ఆ రంగంలో అందరూ దాన్ని ఆర్‌సీఐ చట్టం అంటారు. రిజిస్టరులో పేరెక్కకుండా స్పీచ్ థెరపీ లాంటి పని చేసినవాళ్లకు ఆ చట్టం కింద ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

చట్టం మంచిదే, కాదనను. దొంగ చేతుల్లో పసిబిడ్డ పడకూడదన్నది దాని ఉద్దేశం. కానీ దొంగను జైల్లో వెయ్యమని రాసిన చేతులు, దొర ఎక్కడ తయారవ్వాలో రాయలేదు. ముప్పై ఏళ్లు దాటిపోయాయి. ప్రధానిని పంపిన నంద్యాలలో, 1977లో రాష్ట్రమంతా కాంగ్రెసే గెలుస్తున్నా నీలం సంజీవరెడ్డిని గెలిపించి రాష్ట్రపతి భవన్ దాకా సాగనంపిన ఇదే నంద్యాలలో, మాట రాని బిడ్డను ఎత్తుకొని వచ్చిన తల్లికి ఈనాటికీ ముందుగా దొరికే వైద్యం వసకొమ్ము. సాన మీద అరగదీసి నాలుక్కి రాస్తారు. "వాళ్ల నాయనకు గూడా ఐదేండ్లకే మాటలొచ్చినాయిలే" అని జేజి ధైర్యం చెప్తుంది. ఆ ఐదేళ్లే బిడ్డకు ఖరీదైన ఐదేళ్లు. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడో నెలకల్లా నిర్ధారణ, ఆరో నెలకల్లా చికిత్స మొదలు కావాలని ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. మేనరికాలు ఇంకా మామూలుగా సాగే మన సీమలో పుట్టు చెవుడు ఎక్కడో వినే వింత కాదు. ఈ లెక్క మనకే అందరికంటే ఎక్కువ కావాలి.

జేజిని నేనేమీ అనను. ఆమెకు ఇంకో దారి చూపించినవాడు లేడు. నా కోపమంతా ఆ దారికి గేటు పెట్టి తాళం మైసూరులో దాచినవాళ్ల మీద.

స్పీచ్ థెరపిస్టు అయ్యే దారి ఇదీ. ఇంటర్ అయ్యాక వినికిడి, మాటల చికిత్స నేర్పే డిగ్రీ బీఏఎస్‌ఎల్‌పీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. ఆ మీద పీజీ ఎంఏఎస్‌ఎల్‌పీ, రెండేళ్లు. మైసూరులో 1965లో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో అయితే పీజీలో ఆడియాలజీ వేరు, స్పీచ్ వేరు. 1983లో ముంబైలో పెట్టిన కేంద్ర సంస్థ ఇంకొకటి. దానికి పెట్టిన పేరు మన హైదరాబాదు వాడు అలీ యావర్ జంగ్‌ది. దాని శాఖ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. సికింద్రాబాద్‌లోనే ఒకటి రెండు ప్రైవేటు సంస్థలున్నాయి. నంద్యాలలో ఎవరినైనా అడిగి చూడండి, ఈ పేర్లు దాటి నాలుగో పేరు చెప్పగలిగినవాళ్లు కనబడరు.

నంద్యాల కోచింగుల ఊరు. బ్యాంకు పరీక్షలకు రెండు రాష్ట్రాల నుంచి పిల్లలొచ్చి ఇక్కడ హాస్టళ్లలో పడి చదువుతారు. ఏ బ్యాంకు నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, కటాఫ్ ఎంత దగ్గర ఆగుతుందో టీకొట్టు ఆయన కూడా చెప్తాడు. అలాంటి ఊళ్లో శ్రీనివాస సెంటర్ దగ్గర ఒక నెట్ సెంటర్లో ఒకమ్మాయి పీజీ దరఖాస్తు నింపుతుంటే చూశాను. ఆళ్లగడ్డ వైపు పల్లె, బయట రాష్ట్రంలో డిగ్రీ చేస్తోంది. కంప్యూటర్ ముందున్న కుర్రాడు ఈఏపీసెట్ ఫారం కళ్లు మూసుకొని నింపగలడు. ఈ ఫారం దగ్గర మాత్రం వేళ్లు ఆగిపోయాయి. "ఎమ్మెస్సీ అని కొట్టమంటావా?" అన్నాడు. ఇంటర్న్‌షిప్ పూర్తయినట్టు సర్టిఫికెట్ అడిగింది సైటు. ఇంటర్న్‌షిప్ ముగిసేది దరఖాస్తు గడువు దాటిన తర్వాత. కాలేజీకి ఫోన్ చేస్తే పూర్తయ్యాకే ఇస్తామన్నారు. ఆర్‌సీఐ నంబరు అడిగింది. ఆ నంబరు రావాలంటే మళ్లీ అదే సర్టిఫికెట్ కావాలి. వాళ్ల నాయన బయట బండి మీద కూర్చొని, "డాక్టరూ గాదు, నర్సూ గాదు, టీచరూ గాదు. దీనికి ఆరేండ్లా మే?" అంటున్నాడు. ఆ ప్రశ్నకు జిల్లాలో ఏ అధికారి దగ్గరా ఒక కరపత్రం లేదు. వ్యవసాయం, పశువులు, పట్టుపురుగులు, అన్నిటికీ కరపత్రాలున్నాయి.

ఇక ఫారం అడగని సంగతి చూడండి. కులం అడుగుతుంది, పుట్టిన ఊరు అడుగుతుంది, మార్కులు దశాంశంతో సహా అడుగుతుంది. రేపు నువ్వు ఎవరికి మాట నేర్పబోతున్నావో, వాళ్ల భాష నీకు వచ్చునా అని అడిగే గడి అందులో నాకు కనబడలేదు. కంటి డాక్టరుకు రోగి భాష రాకపోయినా అద్దాలు రాయవచ్చు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి కట్టు కట్టవచ్చు. స్పీచ్ థెరపిస్టుకు మందూ భాషే, పనిముట్టూ భాషే, జబ్బు కనబడే చోటూ భాషే. అమెరికా వాడు ఈ సంగతిలో మొహమాటపడడు. అక్కడ పీజీకి దరఖాస్తు పెట్టే మన పిల్లల్ని టోఫెల్ అడుగుతాడు. తర్వాత 400 గంటల క్లినికల్ శిక్షణ, అందులో 375 గంటలు నేరుగా రోగితో, ఆపైన ప్రాక్సిస్ పరీక్షలో కనీసం 162 మార్కులు. తన పౌరుడితో తన భాషలో మాట్లాడే మనిషిని తను ఎంచుకుంటున్నాడు. మనం మన బిడ్డకు ఆ పాటి మర్యాద ఇవ్వలేమా?

అమెరికా వెళ్లే పిల్లల్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. (సాఫ్టువేరు వాళ్లు వెళ్తే సన్మానం, థెరపిస్టులు వెళ్తే దేశద్రోహం అనే పెద్దమనుషుల్ని చూశాను. వాళ్లతో నాకు పొత్తు లేదు.) ఇక్కడ కాంట్రాక్టు పోస్టు, ఎప్పుడొస్తుందో తెలియని జీతం. ఎగిరిపోక ఏం చేస్తారు?

అసలు దెబ్బ వెళ్లకుండా మిగిలినవాళ్ల చేతుల్లో పెట్టిన పనిముట్ల దగ్గరుంది. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లను పరీక్షించడానికి ప్రపంచమంతా వాడే బొమ్మ ఒకటుంది, 1972 నాటి బోస్టన్ పరీక్షలోది. వంటింట్లో తల్లి పళ్లాలు తుడుస్తుంటుంది. సింకు నిండి నీళ్లు నేల మీదికి కారుతుంటాయి. వెనక పిల్లాడు స్టూలెక్కి అలమరలోంచి బిస్కెట్లు దొంగిలిస్తుంటే స్టూలు ఒరిగిపోతుంటుంది. ఆ బోస్టన్ వాళ్లే తయారుచేసిన ఇంకో పరీక్షలో 60 బొమ్మల పేర్లు చెప్పాలి. ఇగ్లూ, ప్రెట్జెల్, బీవర్, ఆస్పరాగస్.

ఆళ్లగడ్డలో ఒక శిల్పిని ఊహించుకోండి. నలభై ఏళ్లు నల్లరాతిలో దేవుళ్లను చెక్కినవాడు. గ్రైండర్ల రొదలో చెవులు సగం మొద్దుబారాయి, ఇప్పుడు పక్షవాతం మాటను పట్టుకుంది. ఆయన ముందు ప్రెట్జెల్ బొమ్మ పెట్టి ఇదేంటని అడిగితే, ఆయన నోరు మెదపకపోవడానికి కారణం మెదడులో గడ్డకట్టిన నెత్తురో, పుట్టి బుద్ధెరిగి ఆ వస్తువును చూడకపోవడమో తేల్చేదెవరు? ఉలి, సుత్తి, పీఠం, మకరతోరణం చూపించండి. ఆయన ఏ మాట దగ్గర తడబడుతున్నాడో అప్పుడు తెలుస్తుంది. తెలుగులో పరీక్షలు తయారుచేసిన పరిశోధకులు లేరని నేననను. మైసూరులో, హైదరాబాదులో ఆ పని చేసిన పీజీ విద్యార్థులు ఉన్నారు. వాళ్లు చేసిన పనిలో ఎక్కువ భాగం పీజీ థీసిస్‌లై లైబ్రరీ బీరువాల్లో కూర్చుంది, జిల్లా ఆసుపత్రి బల్ల మీదికి రాలేదు.

పిల్లల సంగతి ఇంకా ఘోరం. ఉచ్చారణ దోషాలు పట్టడానికి ఇంగ్లిషు పరీక్షలు వాడితే అవి ఇంగ్లిషు ధ్వనులనే వెతుకుతాయి. ళ, ణ ఇంగ్లిషులో లేవు. ట, డ మనం పలికినట్టు వాళ్లు పలకరు. "ఆళ్లగడ్డ" అనమంటే "ఆల్లగద్ద" అనే ఏడేళ్ల పిల్లవాడు ఆ పరీక్షలో నూటికి నూరు తెచ్చుకొని ఇంటికి పోతాడు. బళ్లో మాత్రం రోజూ వెక్కిరింత. ఇంకోవైపు "వొచ్చినాడు", "యాడికి" అని ఇంట్లో విన్నట్టు మాట్లాడే సీమ బిడ్డ మాటను బయటినుంచి వచ్చిన థెరపిస్టు తప్పుల పట్టీలో రాసుకుంటే అడ్డుకునేవాళ్లు లేరు. లోపమేదో, యాస ఏదో వేరుచేయడానికి ఆ యాసలో పుట్టిన చెవి కావాలి. ఆ చెవి ఉన్న అమ్మాయే నెట్ సెంటర్లో సర్టిఫికెట్ లేక ఆగిపోయింది.

విచిత్రం ఏమంటే, మన నోళ్లు ప్రపంచ శాస్త్రానికి పనికొచ్చాయి. 2013లో నరాల వైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం హైదరాబాదు నిమ్స్‌కు వచ్చిన 648 మంది మతిమరుపు రోగుల్ని పరిశీలించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వస్తోందని తేల్చింది. ప్రపంచమంతా ఆ పరిశోధనను ఉటంకించింది. తెలుగు, ఉర్దూ కలగలిపి మాట్లాడే ఇళ్లు నంద్యాల నిండా ఉన్నాయి. శాస్త్రానికి ఇంత సరుకున్న ఊరికి శాస్త్రవేత్తను తయారుచేసే ఒక్క తరగతి గది దక్కలేదు.

"సీట్లు పెంచుదామంటే చెప్పేవాళ్లు లేరండీ" అంటారు అధికారులు. నిజమే, లేరు. ఎందుకు లేరో కూడా చెప్పండి మరి. ఆర్‌సీఐ నిబంధనల ప్రకారం ఈ డిగ్రీకి కాలేజీ పెట్టాలంటే పీజీ చేసిన అధ్యాపకులు ఉండాలి. పీజీ సీట్లు దూరాన గుప్పెడు. ఆ గుప్పెడులోకి సీమ పిల్లలు రారు, వచ్చినవాళ్లు తిరిగి రారు. కాబట్టి ఇక్కడ అధ్యాపకులు ఉండరు, కాబట్టి కాలేజీ రాదు, కాబట్టి తర్వాతి బ్యాచ్ పిల్లలకు ఆ చదువు పేరే తెలియదు. గానుగెద్దు ఇంతకంటే ముందుకు నడుస్తుంది.

ఇంకో పక్క డబ్బు ధారాళంగానే పారుతోంది. ఆరోగ్యశ్రీలో పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంటు పెట్టారు. కేంద్రం అడిప్ పథకం కింద అదే ఆపరేషన్‌కు బిడ్డకు లక్షల్లో ఇస్తుంది. ఆపరేషన్ రోజు ఫొటోలు, తల్లి కళ్లలో నీళ్లు, పత్రికలో వార్త. ఆ యంత్రం శబ్దాన్ని మెదడుదాకా తెస్తుందే తప్ప ఆ శబ్దం "అమ్మా" అని చెప్పదు. అది నేర్పడానికి నెలల తరబడి, ఏళ్ల తరబడి ఒక మనిషి బిడ్డతో కూర్చోవాలి. ఆళ్లగడ్డ నుంచి వారానికి రెండుసార్లు కూలి మానుకొని, బిడ్డను చంకనేసుకొని కర్నూలుకో హైదరాబాదుకో ఎన్ని వారాలు తిరుగుతుంది తల్లి? తిరగడం ఆగిన రోజున లక్షల యంత్రం పిల్లవాడి తలకు నగలా మిగులుతుంది.

2013లో మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమం మార్గదర్శకాలు చూడండి. జిల్లా కేంద్రంలో చికిత్స విభాగం ఉండాలని, అందులో ఆడియాలజిస్టు కమ్ స్పీచ్ థెరపిస్టు ఉండాలని రాసి ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం మాట, భాష లోపాన్ని 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. పాత 1995 చట్టంలో ఆ మాటే లేదు. అంటే హక్కు రాసేశాం, పోస్టు రాసేశాం, ఆ పోస్టులో కూర్చోవలసిన మనిషిని చదివించడం ఒక్కటి ఎవరి పనీ కాకుండా పోయింది. ఆ ఖాళీలో బోర్డులు మొలిచాయి. చిన్న పట్టణాల్లో ముప్పావు గంటకు ఇంత అని రేటు కట్టి "స్పీచ్ థెరపీ" చేసే గదులున్నాయి. వెళ్లే తల్లిదండ్రులారా, లోపల కూర్చున్న మనిషిని ఆర్‌సీఐ నంబరు అడగండి. అడగడం మీ హక్కు. నంబరు లేదని తేలితే ఏం చెయ్యాలంటారా? నంద్యాల ఎంపీ ప్రధానిగా ఉండగా వచ్చిన చట్టం ఉంది కదా, వెయ్యి రూపాయల జరిమానా.

నేనడిగేది పెద్ద కోరిక కాదు. 2022లో నంద్యాలను జిల్లా చేశారు. 2023లో 150 ఎంబీబీఎస్ సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల ఇచ్చారు. కర్నూలు వైద్య కళాశాల 1957 నుంచి ఉంది, అక్కడ ఈఎన్‌టీ విభాగం ఉంది. రోగులు ఇక్కడే ఉన్నారు, గదులున్నాయి, లేనిది అధ్యాపకులే. ఏటా సీమ జిల్లాల నుంచి పదిమంది బీఏఎస్‌ఎల్‌పీ పిల్లల్ని తెలుగు మాట్లాడే పరీక్ష పెట్టి ఎంచుకోండి. మైసూరు, సికింద్రాబాద్ సంస్థలతో ఒప్పందం చేసుకొని వాళ్ల పీజీ ఖర్చు భరించండి. ఐదేళ్లు ఇక్కడ పనిచేస్తామని బాండు రాయించుకోండి, రెగ్యులర్ జీతం ఇవ్వండి. మొదటి బ్యాచ్ తిరిగొచ్చిన ఏడాదికి కాలేజీకి చాలినంతమంది అధ్యాపకులు మీ దగ్గరే ఉంటారు. ఇంటర్న్‌షిప్ చివరి నెలల్లో ఉన్నవాళ్లకు తాత్కాలిక సర్టిఫికెట్ ఇచ్చేలా కాలేజీలకు ఒక్క సర్క్యులర్ పంపండి, దానికి పైసా ఖర్చు లేదు.

విజయవాడ హెల్త్ యూనివర్సిటీకి ఇంత తీరిక లేదంటే నమ్మను. 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు. ప్రభుత్వం మారాక మళ్లీ ఎన్టీఆర్ పేరు తెచ్చారు. రెండుసార్లు చట్టం మారగానే బోర్డులు మార్చి, లెటర్‌హెడ్లు అచ్చేయించిన కార్యాలయానికి ఒక కోర్సు ఫైలు కదపడం ఎంత పని? మంత్రుల్లారా, పీజీ ప్రవేశాలకు దరఖాస్తుల కాలం ఏటా వస్తుంది, మీ కోసం ఆగదు. ఈసారి గడువు లోపల జీవో రాకపోతే ఆ పదిమంది ఇంకో ఏడాది బ్యాంకు కోచింగులో చేరతారు. వాళ్లకు ఉద్యోగాలూ వస్తాయి, నంద్యాల కోచింగు మంచిదే మరి.