దివిసీమ దాకా కారు, ఆపైన కాళ్ళు

స్వంత కారు గాని, అద్దె కారు గాని తీసుకొని ఇంటివారే నడుపుకొంటూ విహారయాత్రలు చేయడం విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం ప్రాంతాల మధ్యతరగతి గృహాలలో ఇప్పుడు సర్వసాధారణమైనది. ఇది స్వాగతింపదగిన మార్పే. బస్సు వేళలకు లోబడనక్కరలేదు. వృద్ధులను, పసిపిల్లలను సుఖంగా వెంట తీసుకొనిపోవచ్చును. అయితే ఈ యాత్రలు సాగుతున్న తీరు మాత్రం ఆరోగ్యదృష్టితో చూచినప్పుడు ఆందోళన కలిగిస్తున్నది. తెల్లవారుజామున బయలుదేరి, ఒక్క రోజులో ఐదారు క్షేత్రాలు చుట్టి, ప్రతి గుడి ముందు వీలైనంత దగ్గరగా కారు నిలిపి, పావుగంటలో దర్శనం ముగించి, పులిహోర పొట్లాలు కారులోనే విప్పి, రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరుతున్నారు. మరునాడు ఇంటిల్లిపాదికీ నడుము నొప్పి, తలనొప్పి, మలబద్ధకం. దీనినే మనం విశ్రాంతి అని పిలుస్తున్నాము.

మధ్యధరా సముద్రంలోని క్రీట్, సైప్రస్, మాల్టా ద్వీపాలకు సెలవులలో వెళ్ళే ఐరోపావారు కూడా కారు అద్దెకు తీసుకొని తామే నడుపుకొంటారు. కాని వారిలో చాలమంది ఆ కారును ఒక గ్రామంలో నిలిపివేసి, కొండదారులలోను, తీరం వెంబడి గంటల తరబడి నడుస్తారు. క్రీట్‌లోని సమరియా లోయను చూడగోరువారు సుమారు 16 కిలోమీటర్లు కాలినడకన పోవలసినదే. ఇదే ద్వీపం పేరు వైద్యలోకంలో మరొక కారణంగా మారుమోగింది. అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ ఆధ్వర్యంలో 1958లో ఆరంభమైన ఏడు దేశాల పరిశోధనలో క్రీట్ గ్రామీణులకు గుండెజబ్బులు బహు తక్కువని తేలింది. ఆ పరిశోధన పుణ్యమా అని ఆలివ్ నూనె సీసాలు మన బెజవాడ దుకాణాల దాకా వచ్చినవి. ఆ గ్రామీణులు పొలాలలో ఒళ్ళు వంచి పనిచేసేవారు, ఎక్కడికి పోవలసినా నడిచేవారు అన్న సంగతి మాత్రం సీసాతోపాటు రాలేదు. నువ్వుల నూనె వాడుకలో ఉన్న దేశానికి ఆలివ్ నూనె అవసరమా అన్నది వేరే చర్చ. నడక అవసరం గురించి చర్చ లేదు.

ద్వీపవిహారం కొరకు మనం సముద్రాలు దాటనక్కరలేదు. దివి అనగానే దీవి. పులిగడ్డ వద్ద కృష్ణమ్మ పాయలుగా చీలి, సముద్రంలో కలిసేలోగా తన చేతుల నడుమ పొదువుకొన్న నేలయే దివిసీమ. విజయవాడ నుండి కరకట్ట మీదుగా అవనిగడ్డ చేరడానికి సుమారు 70 కిలోమీటర్లు. ఒక ప్రక్క నది, లంకలు, అరటి తోటలు. మరొక ప్రక్క వరి మాగాణి. దారిలో శ్రీకాకుళం ఆంధ్రమహావిష్ణువు ఆలయం వచ్చును. కళింగయాత్రలో శ్రీకృష్ణదేవరాయలకు స్వామి కలలో కనిపించి ఆముక్తమాల్యద రచింపుమని ఆదేశించినది ఇక్కడనే అని ఆ కావ్యమే చెప్పుచున్నది. సమీపంలోని ఘంటసాలలో బౌద్ధస్తూప శిథిలాలు, పురావస్తు ప్రదర్శనశాల ఉన్నవి. టాలమీ గ్రీకుభాషలో పేర్కొన్న కంటకోసిల రేవు ఇదేనని చరిత్రకారుల నిర్ణయం. ఆపై మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడు, నది దాటిన తరువాత అవనిగడ్డ, నాగాయలంక, చివరకు హంసలదీవి. ఇన్ని ఉన్నవి గనుక అన్నిటినీ ఒక్క రోజులో చూడవలెనన్న ఆత్రుతయే మన వ్యాధికి మూలం.

నడక విషయంలో మన శాస్త్రకారులు చూపిన వివేకం ఆశ్చర్యం గొలుపుతుంది. సుశ్రుతుడు నడకను రెండుగా విడదీసినాడు. అధ్వము, అనగా అలసట కలిగించే దూరప్రయాణపు నడక, కఫాన్నీ స్థౌల్యాన్నీ హరించడంతోపాటు దేహకాంతిని, సుకుమారతను కూడ హరిస్తుంది. చంక్రమణం, అనగా శరీరాన్ని పీడించని నడక, ఆయుస్సును, బలాన్ని, మేధను, జఠరాగ్నిని వృద్ధి చేసి ఇంద్రియాలను మేల్కొలుపుతుంది. వాగ్భటుడు బలవంతులకు సైతం చలికాలంలోను, వసంతంలోను సగం శక్తి మేరకే వ్యాయామం విధించి, తక్కిన ఋతువులలో ఇంకను తగ్గించుమన్నాడు. బాలురు, వృద్ధులు, అజీర్ణం కలవారు వ్యాయామం మానవలెనన్నాడు. ఈ మాటను అడ్డుపెట్టుకొని తాతగారిని రోజంతా వెనుక సీటులో కూర్చుండబెట్టేవారున్నారు. వ్యాయామం వద్దన్నాడు గాని మెల్లని నడక వద్దనలేదు. కాళ్ళు వ్రేలాడదీసుకొని గంటల తరబడి కదలక కూర్చున్న వృద్ధునికి చీలమండలు వాచును. నరాలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడ ఉన్నదని నేటి వైద్యులు హెచ్చరిస్తున్నారు. రెండు గంటలకొకసారి దింపి పది నిమిషాలు నడిపించడం వారి మోకాళ్ళకు చేసే మేలు.

నా అభిప్రాయంలో రెండు రోజుల యాత్ర ఉత్తమం. మొదటి రోజు శ్రీకాకుళం, మోపిదేవి చాలును. శ్రీకాకుళంలో దర్శనానంతరం కారును అక్కడే ఉంచి కృష్ణ ఒడ్డు దాకా నడిచి రావలెను. రాత్రి అవనిగడ్డలో బస. రెండవనాటి ఉదయం హంసలదీవి వేణుగోపాలస్వామిని సేవించి, పాలకాయతిప్ప తీరం నుండి సాగరసంగమం వైపు నడవవలెను. మలినమైన కాకి ఇక్కడి నీట మునిగి హంసగా మారినదని స్థలపురాణం. ఇసుక మీద నడక సాధారణ నడక కంటె శ్రమతో కూడినది గనుక సంగమం దాకా పోవడం అందరి వల్లా కాదు. నుదుట చెమట పట్టి, నోరు ఎండుతున్నదనగా వెనుదిరగండి. సగం శక్తికి గుర్తు అదే. మధుమేహం కలవారు పాదరక్షలు విడువరాదు. గవ్వ పెంకు గుచ్చుకొన్నను వారికి తెలియకపోవచ్చును. ఛాతీలో బరువు, ఆయాసం తోచినచో నడక ఆపి వైద్యుని వద్దకు పోవలసినదే. చిట్కాలకు అది సమయం కాదు. సంగమం వద్ద లోతుకు దిగి స్నానం చేయడం ఎవరికీ క్షేమం కాదు.

పుష్య, మాఘ మాసాలు ఇందుకు అనువైనవి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలాదిమందిని బలిగొన్నది ఈ సీమనే. తుపానుల కాలం గడిచిన పిమ్మట వెళ్ళడం మంచిది. ఆ రాత్రిని ఎరిగిన పెద్దలు ఇంకను ఈ గ్రామాలలో ఉన్నారు. కారు దిగి నడిచేవారితోనే వారు మాటలు కలుపుతారు.

ఇక ఎవరూ పైకి చెప్పని విషయం ఒకటి ఉన్నది. యాత్రకు బయలుదేరిన నాడు మన ఇళ్ళలోని స్త్రీలు ఉదయం నుండి నీరు త్రాగరు. దారిలో మరుగుదొడ్డి దొరకదని భయం. దొరికినా కారు ఆపమనడానికి మొగమాటం. చరకుడు సహజవేగాలను ఆపరాదని చెప్పడానికి ఒక అధ్యాయమే కేటాయించి, పదమూడు వేగాలను పేర్కొన్నాడు. మూత్రవేగాన్ని నిరోధించినచో పొత్తికడుపులో నొప్పి, మూత్రకృచ్ఛ్రం, శిరోవేదన కలుగునన్నాడు. యాత్ర ముగిసిన మూడవ నాడు మంటతో బాధపడి, ధనియాల కషాయం, బార్లీ జావ కోసం వెదకే గృహిణులు ఎందరో. కషాయం మంచిదే, జ్వరము, నడుము నొప్పి తోడైనచో వైద్యపరీక్ష తప్పనిసరి. కాని అంతకంటె ముందు చేయవలసినది స్టీరింగు పట్టినవారి చేతిలో ఉన్నది. అడగకుండానే ఆపవలెను. పెట్రోలు బంకు, బస్సు స్టాండు, ఆలయ వసతిగృహం ఎక్కడున్నవో బయలుదేరక ముందే విచారించి, గంటన్నరకొకసారి నిలుపవలెను. గుళ్ళ జాబితా వ్రాసుకొనే శ్రద్ధలో సగం దీనిపై చూపినను చాలును.

ఆహారం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నూనె వస్తువులు తగ్గించి, అల్లం, కరివేపాకు వేసిన పలుచని మజ్జిగ, తగినంత మంచినీరు వెంట ఉంచుకోవలెను. తీరప్రాంతపు నీరు చాలచోట్ల ఉప్పన. చలికాలంలో కాల్చిన తేగలు దొరికినచో పిల్లలకు చిప్స్ పొట్లాల బదులు అవి పెట్టండి. కారులో వాంతి వచ్చే అలవాటున్నవారు ఉప్పు అద్దిన అల్లం ముక్క చప్పరించవచ్చును. బండి నడిపేవారు మధ్యాహ్నం కడుపునిండా భుజించి వెంటనే స్టీరింగు ముందు కూర్చుండరాదు. కునుకు వారిని అడిగి రాదు.

తిరుగు ప్రయాణం చీకటి పడకముందే ముగియునట్లు చూచుకోండి. కోతల కాలంలో డెల్టా రోడ్ల మీద ధాన్యం ఆరబోసి ఉండును. వెనుక దీపాలు లేని ట్రాక్టర్లు ఎదురగును. ఇల్లు చేరిన తరువాత గోరువెచ్చని నువ్వుల నూనెతో అరికాళ్ళు, పిక్కలు మర్దించుకొని పడుకొనండి. వాగ్భటుడు తలకు, చెవులకు, పాదాలకు తైలం ప్రత్యేకంగా పట్టించుమన్నాడు. రెండు రోజులు బండి నడిపినవారి పాదాలకు ఆ పూట ఇంటిలోని మరొకరు నూనె రాయవచ్చును.