ఆస్పత్రిలో నాన్నగారు

"పిల్లవాడు బడికి వెళితే 'టు స్కూల్' అంటే చాలునట. వాళ్ల నాన్నగారు ఆఫీసుకు వెళితే మాత్రం 'టు ది ఆఫీస్' అనాలట! బడికి లేని 'ది' ఆఫీసుకెందుకండీ?" అని ఒక సోదరి నిలదీశారు. వాళ్ల అమ్మాయికి ఇక్కడే మార్కులు పోయాయట.

మార్కులు పోతే పోయాయి లెండి. ఈ 'ది' లేకపోవడం వల్ల మా ఇంట్లో ఏమయిందో వినండి.

మా బావగారికి ఒక ఆస్పత్రిలో లెక్కలు చూసే ఉద్యోగం దొరికింది. మా మేనల్లుడు అప్పుడు ఎనిమిదో తరగతి. తన ఇంగ్లీషు తాతగారికి చూపించాలనే ఉబలాటంతో కార్డు రాశాడు: 'ఫాదర్ ఈజ్ ఇన్ హాస్పిటల్ ఫ్రమ్ మండే' అని. మా నాన్నగారు పాతకాలం మేష్టారు. ఇంగ్లీషు రానివారైతే ఎవరినైనా అడిగి ఉందురు. వచ్చినవారు కాబట్టే కొంప మునిగింది. అమ్మను వెంటబెట్టుకుని ఆ రాత్రి బస్సుకే బయలుదేరారు. దారిలో అమ్మ మంచినీళ్లయినా ముట్టలేదు. తెల్లవారి వాకిట్లో దిగేసరికి అల్లుడుగారు వేపపుల్లతో పళ్లు తోముకుంటూ, "రండి మామయ్యగారూ" అన్నారు! అమ్మ ఆ అరుగుమీదే కూలబడి ఏడ్చేసింది.

సంగతేమిటంటే, స్కూలు, కాలేజి, చర్చి, జైలు, బ్రిటిషువారి వాడుకలో ఆస్పత్రి కూడానూ, వీటిని ఏ పనికోసం కట్టారో ఆ పనిమీద వెళ్లినవారికి 'ది' ఉండదు. చదువుకునే పిల్లవాడు 'టు స్కూల్' వెళతాడు. ఫీజు కట్టే తండ్రి 'టు ది స్కూల్' వెళతాడు. దొంగ 'ఇన్ ప్రిజన్'. అక్కడ గోడలకు సున్నం కొట్టేవాడు 'ఇన్ ది ప్రిజన్'. అలాగే 'ఇన్ హాస్పిటల్' అంటే చికిత్సకు చేరినవాడే. మావాడు 'ది' ఒకటి పెట్టి ఉంటే నాన్నగారు కాస్త ఆలోచించేవారు. 'వర్క్స్ ఇన్ ఎ హాస్పిటల్' అని ఉంటే ఆలోచించే పనే లేదు. అమెరికావారు రోగికి కూడా 'ఇన్ ది హాస్పిటల్' అనే అంటారు. వారి దారి వేరు.

ఆఫీసుకు, సినిమాకు, గుడికి ఈ మినహాయింపు లేదు. చర్చికి ఉండి గుడికెందుకు లేదంటారా? వాళ్లు తరతరాలుగా వెళ్లేది చర్చికి గదా, నలిగిన మాటలో 'ది' అరిగిపోయిందని నా ఊహ. ఆఫీసుకు బదులు 'టు వర్క్' అంటే మాత్రం 'ది' అక్కరలేదు.

మంచం సంగతీ ఇంతే. జ్వరంతో పడుకున్నవాడు 'ఇన్ బెడ్'. మడతపెట్టిన బట్టలు 'ఆన్ ది బెడ్'.

ఇక బస్సు. మనం "బస్సుమీద వచ్చాడు" అంటాం; టాపెక్కి వచ్చాడని కాదు గదా! ఇంగ్లీషులోనూ 'ఆన్ ది బస్' అనే అంటారు. కారుకు మాత్రం 'ఇన్ ది కార్'. లేచి నడవడానికి వీలున్న బండికి 'ఆన్', ఒదిగి కూర్చునేదానికి 'ఇన్' అనుకుంటే చాలావరకు సరిపోతుంది. దేనిమీద వచ్చారో చెప్పడానికి 'బై బస్' చాలు. మధ్యలో 'ఎ' లేదు, 'ది' లేదు.

నాన్నగారు ఆ ఉదయం కాఫీ ముట్టకుండానే జేబులోంచి కార్డు తీసి, ఎర్రసిరాతో దిద్ది మనవడి చేతిలో పెట్టారు. 'ఫ్రమ్ మండే' కూడా తప్పేనట. దాని సంగతి వచ్చే వారం.