నలుపు నిలువవలెనన్న

మన కళాశాల కార్యాలయపు గోడపై పూర్వ విద్యార్థుల బృంద ఛాయాచిత్రమొకటి వ్రేలాడుచున్నది. అది నకలు మాత్రమే. అసలు చిత్రము బీరువాలో భద్రముగా నున్నది. నాలుగేండ్ల క్రిందట స్కాన్ చేయించి తీయించిన ఈ ప్రింటులో నేడు నలుపన్నది లేదు. అధ్యాపకుల షేర్వాణీలు ఎర్రబారినవి, ముఖములు పాలిపోయినవి. తాత నిలిచియుండగా మనుమడు వృద్ధుడైనట్లున్నది. మిగిలిన పాత చిత్రములను కూడ ప్రింటు తీయించు ఆలోచన కమిటీ ముందున్నది గనుక, సిరా విషయమై మా అభిప్రాయమును విన్నవించుచున్నాము.

లోపము కెమెరాది కాదు, కంప్యూటరుది కాదు, సిరాది. ఇంక్‌జెట్ ప్రింటర్ల సిరాలు ముఖ్యముగా రెండు విధములు. నీటిలో చక్కెరవలె కరిగిపోవునది డై సిరా. నీటిలో సన్నని పొడిగా తేలియుండునది పిగ్మెంట్ సిరా. మొదటిది చౌక, చూపునకు తళుకు. కాని వెలుతురునకు, గాలిలోని ఓజోనునకు త్వరగా లొంగిపోవును. పైగా సాధారణ ప్రింటర్లు బూడిద ఛాయలను నీలి, గులాబి, పసుపు సిరాలను కలిపి పుట్టించును. అందొకటి ముందుగా వెలసినచో మిగిలిన రంగులు పైకి తేలును. మన షేర్వాణీలకు పట్టిన గతి యిదియే.

కావున నలుపు తెలుపు చిత్రమునకు కర్బనపు నలుపుగల పిగ్మెంట్ సిరాయే తగినదని మా నిశ్చితాభిప్రాయము. కర్బనము వెలుతురునకు వెలసిపోదు. అయితే ఒక్క నలుపు చాలదు. లేత ఛాయలందు చుక్కలు కనబడి ముఖములపై రవ్వ చల్లినట్లుండును. నలుపుతోపాటు పలుచనైన బూడిద సిరాలును ఉండవలెను. ఎప్సన్ సంస్థ 2005లో ఇట్టి మూడంచెల నలుపుగల సిరాలను వెలువరించినది. కాగితమును బట్టియు నలుపు మారును: నిగనిగలాడు కాగితమునకు ఫోటో బ్లాక్, మెరుపులేని నూలు కాగితమునకు మాట్ బ్లాక్. మాట్ బ్లాక్‌ను నిగనిగల కాగితముపై వాడినచో వ్రేలికి అంటుకొనును. శుద్ధ కర్బనము కొంచెము గోధుమ ఛాయకు మొగ్గును. పాత చిత్రములకు అది లోపము కాదు.

ఇది మనకు క్రొత్త విద్య కాదు. ఉర్దూ ఖత్తాతులు దీపపు మసిని తుమ్మజిగురుతో నూరి సిరా చేసికొనిరి. తెలుగువారు తాటాకుపై గంటముతో వ్రాసి, ఆ గీతలలో మసి పూసిరి. రెండును కర్బనమే. ఉర్దూలో సిరాను రోష్నాయి అందురు; వెలుగన్నది కూడ ఆ మాటకు అర్థమే.

ఖర్చు అధికమని కొందరనవచ్చును. నిజమే. అట్లయిన పదింటికి బదులు నాలుగు తీయింతము, నాలుగును నిలుచును. ప్రింటరు కొనుటకన్న మంచి ల్యాబునకిచ్చుట మేలు. సెలవులలో వాడక యుంచినచో పిగ్మెంట్ సిరా ఎండి ప్రింటరు సూక్ష్మరంధ్రములు మూసికొనును. ల్యాబువారిని మూడు ప్రశ్నలడిగి వ్రాతమూలకముగా జవాబు పుచ్చుకొనవలెను: సిరా డైయా, పిగ్మెంటా? నలుపు ఛాయలెన్ని? కాగితమేది? ప్రింటులను అద్దము వేయించి, ఎండ సోకని గోడకు తగిలింపవలెను.

విద్యార్థులారా, ఈ ఏటి బృందచిత్రములో మీరును నిలుచుండెదరు. ముప్పదియేండ్లకు మీ పిల్లలు వచ్చి మిమ్ము వెదకినప్పుడు, ఆ గోడపై మీ ముఖము కనబడవలెనా, ఎర్రని మరక కనబడవలెనా? కమిటీవారు నిర్ణయింతురుగాక.