రేగడి నేల – ఊకబూడిద

గడచిన మాసమున వంటయింటి పొగను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున ఇంటి క్రింది నేలను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిని. “ఇది మేస్త్రీల విషయము, మనకేల?” అని పుట త్రిప్పివేయకుడు. గోడ పగిలినపుడు ఆ గోడ ప్రక్కనే పిల్లలను నిద్రబుచ్చువారము మనమే కదా!

మాది నంద్యాల ప్రాంతపు నల్లరేగడి. ఇల్లు కట్టుకొన్న రెండవ వేసవికే పడకగది గోడ నిలువునా పగిలెను. మేస్త్రి సిమెంటుతో పూడ్చి పోయెను. వానలు కురియగానే పగులు మూసికొనినట్లు కనబడి, మరుసటి ఎండలకు మునుపటికంటె వెడల్పయ్యెను. మా అత్తగారు చూచి, “అమ్మాయీ! పగిలినది గోడ కాదు, దాని క్రింది నేల. పైపూతల వలన ఏమి లాభము?” అనిరి. ఆ మాట అక్షరాల నిజము.

రేగడిలోని బంకమట్టి రేణువులు పలుచని పొరలుగా నుండును. నీరు ఆ పొరల నడుమ చేరగా మట్టి ఉబ్బును. ఎండగా ముడుచుకొని బీటలు వారును. నేల ఏటేట ఇట్లు లేచి దిగుచుండ, పైనున్న గోడ తాళజాలదు.

మీ నేల యెట్టిదో ఇంటనే కొంత తెలిసికొనవచ్చును. ఎండిన మట్టిని మెత్తగా నూరి జల్లించి, రెండు సన్నని గాజుపాత్రలలో సమముగా వేయుడు. ఒకదానిలో నీరు, రెండవదానిలో కిరసనాయిలు పోసి, బాగుగా కలిపి, ఒక దినము కదలింపక ఉంచుడు. కిరసనాయిలులో మట్టి ఉబ్బదు. నీటిలోని మట్టి దానికంటె ఒకటిన్నర రెట్లు మించి నిలిచినచో ఆ నేలను నమ్మరాదు. 1977లో మన దేశపు ప్రమాణములలో చేరిన పరీక్షకు ఇది ఇంటి రూపము. మా మట్టి రెండింతలకు మించెను.

ఇందుకు విరుగుడు సున్నము. అందలి కాల్షియము రేణువులనంటి, నీటికి ఉబ్బు గుణమును తగ్గించును. పిమ్మట సున్నము సిలికాతో కలిసి, సిమెంటువంటి బంధమును నెమ్మదిగా కలిగించును. ఆ సిలికా బియ్యపు మిల్లుల వెనుక ఊకబూడిదగా వృథా పడియున్నది. 100 కిలోల వడ్లనుండి సుమారు 20 కిలోల ఊక, ఆ ఊకను కాల్చగా సుమారు 4 కిలోల బూడిద వచ్చును. బాగుగా కాలిన బూడిదలో నూటికి 80 పాళ్లకు పైగా సిలికాయే. అయితే సున్నము లేని బూడిద తోడు వేయని పాలవంటిది, ఎంతసేపుంచినను పేరుకొనదు.

వెనుక వసారా వేయునపుడు మేము ఒక ఇంజనీరుగారి సలహా ననుసరించి, రెండడుగుల మట్టి త్రవ్వించి, పొడి చేయించి, తూకమున నూటికి 6 పాళ్లు సున్నము, 10 పాళ్లు ఊకబూడిద కలిపించితిమి. తగుమాత్రము తడిపి, పొరలుపొరలుగా దిమ్మిసతో కొట్టించి, వారము దినములు తడి గోనెలు కప్పి యుంచితిమి. మూడు వానకాలములు గడచినవి. ఆ వసారాలో వెంట్రుకవాసి పగులైనను లేదు. పడకగది గోడ మాత్రము నేటికిని పగిలియే యున్నది. కట్టిన ఇంటి క్రింద ఈ చికిత్స చేయుట సులభము కాదు గదా! పిల్లల మంచమును వేరొక గదికి మార్చితిని.

కొన్ని జాగ్రత్తలు వినుడు. సున్నము కన్నులను కాల్చును. కలుపుచోటికి పిల్లలను రానీయకుడు. జిప్సము గల నేలలో సున్నము మేలునకు మారు కీడు చేసి, మట్టిని మరింత ఉబ్బించును. కావున ముందుగా మట్టిని పరీక్షాశాలకు పంపి, పాళ్లను వారిచేతనే నిర్ణయింపజేయుడు. ఇదివరకే ఇల్లున్నవారు స్నానపు నీటిని గోడ మొదట నిలువనీయరాదు. పెద్ద చెట్లను గోడ చెంత నాటరాదు.

ఇల్లు కట్ట సంకల్పించిన సోదరీమణులారా! గదులెన్ని, అలమరలెన్ని యని అడుగుటకు ముందు, “మన నేల యెట్టిది?” అని అడుగుడు. ఆ ప్రశ్న నేను అడుగనైతిని.